అడగడం నేర్పిన కండక్టర్

హయత్‌నగర్ బస్టాండు దగ్గర కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో ఆయన్ని చూశాను. ఖాకీ చొక్కా, చెవి మీద పెన్ను. పైన ‘కన్నీటి నివాళి’ అని, అడుగున డిపో కార్మికులు అని ఉంది. దశదిన కర్మ తేదీ అప్పటికే దాటిపోయింది. ఫ్లెక్సీ ఒక మూల తాడు ఊడి గాలికి కొట్టుకుంటోంది.

పోయినవాళ్ళకు ఎక్కడో ఒకచోట మంచి చొక్కాతో తీయించుకున్న ఫొటో వెతికి పెడతారు. ఈయనకు ఖాకీదే పెట్టారంటే చివరిదాకా కండక్టరుగానే ఉన్నాడన్నమాట. అంటే చివరిదాకా బస్సులో నిలబడే ఉన్నాడు, ఆ మోకాలితో. అది నాకు తెలియని సంగతేమీ కాదు. తెలుసు కాబట్టే పదేళ్ళకు పైగా ఆ దారిలో బస్సు ఎక్కకుండా ఆటోల్లో తిరిగాను.

ఆయన పేరు రాయను. నేనెప్పుడూ ఆయన్ని పేరుపెట్టి పిలవలేదు, వరస కలిపి కూడా పిలవలేదు. వయసులో నాకంటే పాతికేళ్ళు పెద్ద. మా ఇంట్లో అలాంటివాళ్ళను ‘నువ్వు’ అనేవారు. నాకు అది నోరాడలేదు, ‘అన్నా’ అనడమూ రాలేదు. అందుకని ఏమీ అనకుండానే మాట్లాడేవాణ్ణి. ఆయన మాత్రం నన్ను మొదటి రోజు నుంచీ ‘దొరా’ అన్నాడు.

మాది నల్లగొండ వైపు ఒక గడి. మా తాతగారి కాలంలో పదహారు ఊళ్ళు. మా నాన్నగారి కాలానికి ఒక ఊరు, ఆ ఊళ్ళో ఒక ఇల్లు, ఆ ఇంట్లో తాళం వేసిన గదులు. నా కాలానికి కొత్తపేటలో మూడో అంతస్తులో రెండు గదుల కిరాయి ఇల్లు. నాన్నగారు ఆ ఇంట్లోనూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎవరో కలవడానికి వస్తారన్నట్టు తలుపుకు ఎదురుగా కుర్చీలో కూర్చునేవారు. ఎవరూ వచ్చేవారు కాదు. ఇదంతా జాలి కోసం చెప్పడం లేదు. జాలి మాకు ఎప్పుడూ పడలేదు. నేను ఒక పరీక్ష ఎందుకు రెండుసార్లు తప్పానో చెప్పడానికి ఇది అవసరం కనుక చెప్తున్నాను.

ఎల్బీనగర్‌లో దుకాణాల పైన నడిచే ఒక ప్రైవేటు కాలేజీలో సాయంత్రం డిగ్రీ చదువుతున్నాను. ఆ కాలేజీ పెట్టుకున్న నియమం ఒకటుంది. ఎవరైనా సరే ఇంగ్లిష్ ప్రావీణ్య పరీక్ష గట్టెక్కితేనే డిగ్రీ చేతికి ఇస్తారు. మూడే అవకాశాలు. రాసే భాగం నాకు లెక్క కాదు. మాట్లాడే భాగంలో ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చుని తలా ఒక చీటీ తీయాలి. ఒకరిది అడిగే చీటీ, ఒకరిది ఇచ్చే చీటీ. సామాను పోగొట్టుకున్నవాడు ఒకడు, స్టేషన్ మాస్టర్ ఇంకొకడు. రోగి ఒకడు, డాక్టర్ ఇంకొకడు. నాకు రెండుసార్లూ అడిగే చీటీయే వచ్చింది. మొదటిసారి, నా పెట్టె వెతికి పెట్టడం స్టేషన్ మాస్టర్ విధి అని చక్కటి ఇంగ్లిష్‌లో చెప్పి లేచాను. ‘ఇతను అడగలేదు, హుకుం జారీ చేశాడు’ అన్నారట పరీక్ష పెట్టినవాళ్ళు. రెండోసారి ఆ మాట గుర్తుండి, హుకుం రాకుండా జాగ్రత్తపడ్డాను. ఏమీ రాలేదు. మూడు నిమిషాలూ ఊరికే కూర్చున్నాను.

మిగిలింది ఒక్క అవకాశం. డిగ్రీ వస్తే ఒక ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం నాకోసం కాచుకుని ఉంది. రాకపోతే ఇంటి యజమానికి ఏం చెప్పాలో నాన్నగారికీ తెలియదు, నాకూ తెలియదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ రోజుల్లో ఏ మెట్లెక్కినా ఒక కోచింగ్ సెంటరు. చెప్పులు విప్పే చోటు కోసం తోపులాట. అలాంటి ఒకదాంట్లో, చివరి బెంచీ మీద, ఖాకీ ప్యాంటు మీదికి పూల చొక్కా వేసుకుని ఆయన కూర్చున్నాడు. పక్కన చోటుంది. నేను నిలబడ్డాను.

“కూసో, బెంచీ ఏం కొరుకది. ఏ ఊరు నీది?”

చెప్పాను. ఊరి పేరు చెప్పి ఇంటిపేరు చెప్పకుండా ఆపడం మా వాళ్ళకు అలవాటు లేదు. అదీ చెప్పాను.

ఆయన ఒక్క క్షణం నన్ను చూశాడు. టికెట్ లేనివాణ్ణి చూసినట్టు, కోపం లేకుండా, ఖాయం చేసుకుంటున్నట్టు. తర్వాత బెంచీ మీద ఇంకాస్త జరిగాడు.

“అరెరె, గడి దొరలా! మాది మీ పక్కూరే. కూసో దొరా, కూసో. జర బెంచీ తుడవమంటవా?”

వెక్కిరింతేనని తెలుసు. వెక్కిరింతగానైనా ఆ మాట వినడం నాకు ఇష్టంగా ఉండేది. దాచడం దేనికి.

ఆయనదీ అదే కాలేజీ, అదే పరీక్ష, ఆఖరి అవకాశం. రెండుసార్లు పరీక్ష రోజున డ్యూటీ పడి రాలేకపోయాడు. రాకపోయినా అవకాశం ఖర్చయినట్టే. ఎడమ మోకాలు అరిగిపోయింది. బస్సులో కడ్డీకి వీపు ఆనించి, ఎడమ కాలు కాస్త పైకి పట్టుకుని, ఒంటికాలి మీద టికెట్లు కొట్టేవాడు. ఇంక నిలబడే పని చేయొద్దని దవాఖానలో రాసిచ్చారు. డిపోలో కూర్చుని చేసే గుమాస్తా పని ఒకటి ఖాళీ ఉంది. దానికి డిగ్రీ కావాలి, అది కూడా ఆ ఏడాది లోపల. “కుర్సీ కోసం కొట్లాడుతున్న దొరా. రాజకీయపోళ్ళ లెక్కనే,” అనేవాడు.

ఆయన ఇంగ్లిష్ బోర్డుల ఇంగ్లిష్. ఇరవై ఏళ్ళు హయత్‌నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా రోడ్డుకు రెండు వైపులా ఉన్న బోర్డులన్నీ చదివి నేర్చుకున్నది. మాటల మధ్యలో ఎక్కడైనా ఇరుక్కుంటే కళ్ళు మూసుకుని ఆ దారిలో పోయి, కావలసిన మాట ఏ దుకాణం మీద ఉందో చూసి తెచ్చుకునేవాడు. ‘బార్గెయిన్’ అనే మాట కొత్తపేట చెప్పుల దుకాణం మీద, ‘అర్జెంట్’ అనేది జిరాక్స్ సెంటరు మీద. కానీ నోరు తెరవడానికి భయపడేవాడు కాదు. తప్పు మాట్లాడితే ఏమవుతుంది అని ఆయనకు ఎప్పుడూ అనిపించలేదు.

కోచింగ్ సార్‌ది గుంటూరు. మంచివాడు. నన్ను చూస్తే ఆయనకు దిగులు.

“ఏవండీ, మీ ఇంగ్లిష్ చక్కగా ఉందండీ. మరి అడగరేంటండీ? ఒక్కసారి ప్లీజ్ అనండి చూద్దాం.”

“ఆయన గొంతుల ప్లీజు ఇరుక్కున్నది సార్. ఈపు మీద గుద్దాలె,” అన్నాడు కండక్టరు వెనక నుంచి.

క్లాసంతా నవ్వింది. సార్ కూడా నవ్వి, “నవ్వండి నవ్వండి. తెలంగాణ వచ్చేస్తే మమ్మల్నందర్నీ పంపించేస్తారంటగా. అప్పుడెవరు చెప్తారో చూస్తాను,” అన్నాడు.

“మా పరీక్షయ్యేదాక మిమ్ముల యాడికి వోనియ్యం సార్. పాసైనంక ఆలోచిద్దాం.”

మళ్ళీ నవ్వులు. సార్ నవ్వుతూనే కిందికి, రోడ్డు మీద పోతున్న ఊరేగింపు వైపు, ఒకసారి చూశాడు. వారం తిరక్కుండా సకల జనుల సమ్మె మొదలైంది. బడులు, ఆఫీసులు, బస్సులు అన్నీ ఆగాయి. పరీక్ష వాయిదా పడింది. సార్ సెంటరు షట్టరు దించి, “రెండు వారాల్లో వస్తానండీ” అని ఊరికి వెళ్ళాడు.

వాయిదా పడితే చదువుకోవడానికి రోజులు దొరికాయని సంతోషించేవాళ్ళు ఉంటారు. నాకు ప్రతి రోజూ ఒక పలుపుతాడు మెడకు ఇంకో చుట్టు పడ్డట్టు ఉండేది. ఎదురుచూసే ఆఫీసు ఎంతకాలం ఎదురుచూస్తుంది? కండక్టరు పరిస్థితి ఇంకా అన్యాయం. ఏడాది చివరికి వస్తోంది. సమ్మెలో ఉన్నాడు కనుక జీతం కూడా లేదు. “తెలంగాణ రావాలె, పరీక్ష గూడ రావాలె. ఏది ముందొచ్చినా నాకు మంచిదే, రెండూ లేటయితెనే సస్త,” అన్నాడు ఒకరోజు. అన్నాక చాలాసేపు మోకాలు రుద్దుకున్నాడు.

ఎల్బీనగర్ చౌరస్తాలో డిపో కార్మికుల శిబిరం ఉండేది. నేను కొత్తపేట నుంచి నడిచి వెళ్ళేవాణ్ణి. పొద్దున నినాదాలు, పాటలు అయిపోయాక, డేరాలో ఒక మూల మేమిద్దరం చాప మీద కూర్చునేవాళ్ళం. ఆయన స్టేషన్ మాస్టరు, ఆయన డాక్టరు, ఆయన బ్యాంకు మేనేజరు. నేను అడిగేవాణ్ణి. అంటే అడగడానికి ప్రయత్నించేవాణ్ణి. నా వాక్యం హుకుంలోకి తిరగ్గానే “హోల్డాన్!” అని అరిచేవాడు. డేరాలో వాళ్ళంతా తిరిగి చూసేవారు.

“దొరా, బస్సుల అందరిని చూసుడుతోనే నాకు ఎర్కయితది ఎవడు టికెట్ తీస్కోలేదో. గాడు మొఖం కిటికి దిక్కు తిప్పుతడు. నువ్వు అడిగేటప్పుడు గట్లనే తిప్పుతున్నవ్. ఇయ్యాల్సినోని మొఖం చూడు. చూసి అడుగు.”

“నాతోని కాదు.”

“ఎందుకు గాదు? అడిగితె ఏం వోతది? ఇయ్యకపోతె పక్కోన్ని అడుగుతం.”

ఒకసారి నేనే అన్నాను, “ఈసారి అడిగే చీటీ అటు, ఇచ్చే చీటీ ఇటు. తిరగేసి చూద్దాం.”

ఆయన పడీ పడీ నవ్వాడు. “నాకు నేర్పుతవా అడుగుడు? టికెట్, టికెట్, చిల్లర, చిల్లర, జర ముంగటికి జరుగున్రి. పొద్దుందాక గదే గద నా పని. నాకు అడుగుడు కొత్తనా? నీ సంగతి చూస్కో ముందు.”

నిజమే అనిపించింది. ఆ తర్వాత ఆ ఊసే ఎత్తలేదు. ఒక్క రోజు కూడా, ఒక్క చీటీ కూడా మేం తిరగేసి చదవలేదు.

శిబిరంలో ఒకనాడు వంటావార్పు పెట్టుకున్నారు. జాతీయ రహదారి మీదే రాళ్ళ పొయ్యిలు, పెద్ద పెద్ద గుండిగల్లో అన్నం, పప్పుచారు. ఉడికాక రోడ్డు మీదే బంతి. లారీలు తిరిగే చోట జనం బాసింపట్లు వేసుకుని వరసగా కూర్చున్నారు. నన్ను కూడా రెక్కపట్టి కూర్చోబెట్టి విస్తరి వేశాడాయన. వడ్డించే వాళ్ళతో గట్టిగా చెప్పాడు.

“గీయనకు అడగంది పెట్టొద్దు. ఇంగ్లిష్ల అడుగుతడు, గప్పుడు పెట్టున్రి.”

అన్నం బకెట్టు నా ముందునుంచి పోయింది. పప్పుచారు బకెట్టు పోయింది. నా అటు ఇటు వాళ్ళు తింటున్నారు. నేను ఖాళీ విస్తరి ముందు, నడుము నిటారుగా, ఎదుటి సిమెంటు దిమ్మె చూస్తూ కూర్చున్నాను. రోడ్డు సెగ కిందినుంచి కాలుస్తోంది. లేచిపోవచ్చు. లేచి పోతే కొత్తపేటలో పొయ్యి మీద ఏమీ లేదని నాకు తెలుసు. అందుకు కాదు కూర్చున్నది. లేస్తే ఆ పరీక్ష అక్కడికక్కడే మూడోసారి తప్పినట్టే అనిపించి కూర్చున్నాను. బకెట్టు రెండో తిరుగుడు వచ్చింది. పోయింది. ఎదుటి వరసలో ఒక ముసలామె తినడం ఆపి, “అయ్యో, పిల్లగానికి పెట్టలేదు,” అన్నది. “ఉండు పెద్దమ్మా, నోరున్నది ఆయనకు,” అన్నాడు కండక్టరు. మూడో తిరుగుడులో వడ్డించేవాడి మొహం చూశాను. చెమటకు మసి కరిగి చెంపల మీదికి జారుతోంది. “ప్లీజ్ గివ్ మీ సమ్ రైస్,” అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

“ఏందీ?”

“ప్లీజ్,” అన్నాను. “ఐ యామ్ హంగ్రీ.”

రోడ్డంతా గోల. “అడిగిండు! దొర బువ్వ అడిగిండు! ఇంకో రెండు గంటెలు ఎక్కువెయ్యిరా!” ఎవరో డప్పు కూడా కొట్టారు. కండక్టరు మాత్రం నవ్వలేదు. నా పక్కన చతికిలబడి, తన విస్తట్లో పచ్చడి కొంచెం తీసి నా విస్తట్లో వేశాడు. “రైట్ రైట్,” అన్నాడు మెల్లగా. అవమానంతో నా చెవులు మండిపోతున్నాయి. అయినా అంత అన్నం నేను మళ్ళీ ఎప్పుడూ తినలేదు.

ఆ రోజు నుంచి నాకు అడగడం వచ్చింది. బాగా కాదు, పరీక్షకు సరిపోయేంత.

సమ్మె ఆగింది. బస్సులు కదిలాయి. పరీక్ష తేదీ పడింది. కాలేజీ మూడో అంతస్తు దాకా ఆయన కాలు ఈడుస్తూ, ప్రతి మలుపులో ఆగి ఎక్కాడు. పొద్దున డ్యూటీ దిగి ఖాకీలోనే వచ్చాడు. “అడిగే చీటీయే రానియ్. వంటావార్పు యాద్ జేస్కో,” అన్నాడు. జోడీలు మేమే ఎంచుకోవచ్చు కనుక మేమిద్దరం కలిసి లోపలికి వెళ్ళాం.

పరీక్ష తీసుకునేది వేరే కాలేజీ నుంచి వచ్చిన మేడమ్. బల్ల మీద రెండు చీటీలు బోర్లా ఉన్నాయి. నేను ఒకటి తీశాను. ఇంగ్లిష్‌లో నాలుగు ముక్కలు: నువ్వు ఒక పెద్ద ఇంటి యజమానివి. నీ పనివాడు సెలవు అడుగుతాడు. ముందు కాదను. తర్వాత అతని కారణం విని ఒప్పుకో.

నాకు ఇచ్చే చీటీ వచ్చింది. గండం గడిచిందనుకున్నాను. నా ఒంట్లో బిగుసుకున్నదంతా ఒక్కసారి సడలిన సంగతి ఇప్పటికీ గుర్తుంది.

ఆయన తన చీటీ పెదాలు కదుపుతూ చదివాడు. మళ్ళీ చదివాడు. చెవి మీది పెన్ను తీసి బల్ల మీద పెట్టాడు. “బిగిన్,” అన్నారు మేడమ్. ఆయన నా మొహం చూశాడు. ఇవ్వాల్సినవాడి మొహం చూసి అడగాలని నాకు నేర్పింది ఆయనే. చూస్తూనే ఉన్నాడు. అడగలేదు.

“ప్లీజ్ స్టార్ట్. ఆస్క్ హిమ్,” అన్నారు మేడమ్.

“మై ఫాదర్ ఆస్క్‌డ్,” అన్నాడాయన.

మేడమ్ తలెత్తారు.

“మై ఫాదర్ ఆస్క్‌డ్, మేడమ్. ఇన్ హిజ్ హౌస్.” వేలు నా వైపు చూపించలేదు, గడ్డం ఎత్తాడు అంతే. తర్వాత ఆగకుండా చెప్పాడు. కళ్ళు మూసుకుని బోర్డుల మధ్య వెతుక్కోలేదు. వాళ్ళ నాన్న మా గడిలో జీతం ఉన్నాడు. ఈయనకు ఒక అక్క ఉండేది, చిన్నపిల్ల. జ్వరం వస్తే నల్లగొండ దవాఖానకు తీసుకుపోవడానికి ఒక్క పూట అడుగుదామని వాళ్ళ నాన్న పొద్దున్నే మా తాతగారి ముందుకు పోయి నిలబడ్డాడు. పొమ్మని ఎవరూ అనలేదు. వద్దనీ అనలేదు. దీపాలు పెట్టేదాకా నిలబడ్డాడు. ఇంటికి పోయేసరికి పిల్లను పూడ్చడానికి తీసుకుపోయారు. కాలాలు తప్పులు, క్రియలు తప్పులు. అంత ఇంగ్లిష్ నేను ఆ తర్వాత ఎవరి నోటా వినలేదు.

ఇన్ని నెలలు పక్కన కూర్చుని, పచ్చడి పెట్టి, ఒక్క మాట చెప్పలేదు నాకు.

మేడమ్ నొచ్చుకున్నట్టే కనిపించారు. “ఇట్ ఈజ్ ఓన్లీ ఎ రోల్ ప్లే,” అన్నారు మెత్తగా. “టైమ్ ఉంది. ప్లీజ్ ఆస్క్ హిమ్.”

“నో మేడమ్. ఐ విల్ నాట్ ఆస్క్ హిమ్.”

ఆమె నా వైపు తిరిగారు. “యూ రెస్పాండ్.”

నాది ఆఖరి అవకాశం. చీటీలో ఏముందో అది చెప్తేనే మార్కులు. ముందు కాదను, అని ఉంది. “నో,” అన్నాను. “యూ కెనాట్ గో టుడే.” తడబాటు లేదు. చిన్నప్పుడు మా గడి వరండాలోంచి విన్న గొంతు ఒకటి నా గొంతులోంచి అలాగే బయటికి వచ్చింది. తర్వాత ఒప్పుకోవాలి. ఆ వాక్యం నోట్లో కూర్చుకుంటుండగా మేడమ్ గడియారం చూసి చాలన్నారు.

మా తాతగారు దుర్మార్గుడు కాదని నేను అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతాను. ఆయన చూసి ఉండరు. ముందు నిలబడ్డవాణ్ణి చూడాల్సిన అవసరం ఆయనకు ఉండేది కాదు. ఇది ఆయన తరఫున వాదన అనుకుని మొదలుపెట్టాను, రాశాక అలా కనిపించడం లేదు.

పరీక్ష గది బయట వరండాలో కండక్టరు గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

“గట్లనే అంటరా మీ ఇంట్ల?” అన్నాడు. కోపంగా కాదు. తెలుసుకుందామని అడిగినట్టే అడిగాడు.

చీటీ ఇంకా నా చేతిలోనే ఉంది, దాన్ని నాలుగు మడతలు పెట్టాను.

“మంచిగనే చెప్పినవ్. పాసయితవ్ పో,” అన్నాడు.

పాసయ్యాను. నోటీసు బోర్డు మీద నా నంబరు ఉంది, ఆయనది లేదు. కాలేజీ ఆఫీసు గుమాస్తా నన్ను పిలిచి ఒక మాట చెప్పాడు. సమ్మె వల్ల క్లాసులు జరగలేదు కాబట్టి తప్పినవాళ్ళకు ఇంకొక్క అవకాశం ఇస్తారు. శనివారం నాలుగింటి లోపల అర్జీ పెట్టుకోవాలి. “ఆయనే పెట్టినా సరే, ఆయన కోసం ఇంకెవరన్నా పెట్టినా సరే. సంతకముండాలె, గంతే,” అన్నాడు.

ఆ సాయంత్రమే ఆయన పేరున ఇంగ్లిష్‌లో అర్జీ రాశాను. శనివారం రెండింటికి ఎల్బీనగర్ స్టాపులో ఆయన బస్సు పట్టుకున్నాను. బస్సు నిండా జనం. ఆయన ఫుట్‌బోర్డు మీద ఒంటికాలి మీద నిలబడి కాగితం చదివాడు. ఒక చోట వేలు ఆగింది.

“బెగ్ అని రాసినవ్. అడుక్కునుడే గద?”

“అర్జీల్లో అట్లనే రాస్తారు. అందరూ రాస్తారు. అది పద్ధతి.”

“నువ్వు రాస్తవా?”

డ్రైవరు హారన్ కొట్టాడు. లోపలినుంచి ఎవరో, “ఓ కండక్టర్ సాబ్, పోనియ్యరాదె!” అని అరిచారు. ఆయన వినిపించుకోలేదు.

“నేనైతె వెట్ట దొరా. మా నాయిన అడిగిండు, సాలు. నువ్వు వెట్టు. నీ పేరు రాయి, ఇంటిపేరు గూడ రాయి. గీ మనిషికి ఇంకొక్క ఛాన్సియ్యున్రని బెగ్ చెయ్యి. నువ్వు సంతకం వెడితె నేనొచ్చి పరీక్ష రాస్త. అడిగే చీటీ వచ్చినా సరే, అడుగుత.” చెవి మీది పెన్ను తీసి నాకు ఇచ్చాడు.

పెన్ను పట్టుకున్నాను. బస్సులో అందరూ నన్నే చూస్తున్నారు. మా ఇంటి నుంచి ఎవరికీ ఒక అర్జీ పోలేదు. పొలాలు పోయినప్పుడూ పోలేదు, గడి గోడలు కూలినప్పుడూ పోలేదు. ఉన్నవన్నీ పోగా మిగిలింది అదొక్కటే అనుకుని పెరిగాను. వేళ్ళు కదల్లేదు. ఎంతసేపో తెలియదు. ఆయన పెన్ను మెల్లగా నా చేతిలోంచి తీసుకున్నాడు.

“నాలుగుదాక టైమున్నది. నీ ఇష్టం,” అని లోపలికి తిరిగాడు.

స్టాపులో అరుగు మీద కూర్చుని ఇంకో కాగితం మీద నా పేరున అర్జీ రాశాను. పక్క బడ్డీలో పెన్ను కొని రాశాను. ఒక్క తప్పు లేకుండా వచ్చింది. బెగ్ అన్న మాట కూడా రాశాను. కాలేజీకి నడిచాను. మూడున్నరకు మూడో అంతస్తు మెట్ల మీద ఉన్నాను. కాగితంలో సంతకం తప్ప అన్నీ ఉన్నాయి. పెన్ను జేబులో ఉంది. ఆఫీసు తలుపు తెరిచే ఉంది. లోపల గుమాస్తా బల్ల మీద ఫైళ్ళు సర్దుతున్నాడు. అటు రెండడుగులు వేస్తే చాలు. నాలుగయింది. ఇంకో పది నిమిషాలయింది. గుమాస్తా బయటికి వచ్చి, తలుపు లాగి తాళం వేశాడు. మెట్ల మీద నన్ను చూసి ఆగాడు.

“ఏమన్న పనుండెనా? తాళం తీయాల్నా?”

మంచివాడు. తీసేవాడే.

“ఏం లేదు,” అన్నాను.